కుందేలు ఎన్ని రోజులకోసారి ఎదకొస్తుంది?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారాలు. మాది అనంతపురం జిల్లాలో ఒక పల్లె. రెండు గేదెలున్నాయి. వాటికి తోడుగా నిరుడు న్యూజిలాండ్ వైట్ కుందేళ్లు తెచ్చుకున్నాం, ఆరు ఆడవి, ఒకటి మగది. చలికాలంలో ఈనిన పిల్లలు బాగానే పెరిగాయి. మే నెలలో నాలుగింటిని మగదాని దగ్గరికి వదిలాం. రెండు కలిశాయి. ఆ రెండూ పదిహేడో రోజుకే పొట్ట మీది బొచ్చు పీక్కుని గూడు కట్టుకున్నాయి. ఒకదాని చన్నుల్లో పాలు కూడా కనిపించాయి. పిల్లలు మాత్రం లేవు. మిగతా రెండూ మగదాన్ని దగ్గరికి రానివ్వలేదు. వాటిలో ఒకటి అప్పటికి ఈని వారమే అయింది, రెండోది ఒక్కసారీ ఈనలేదు, బాగా బలిసింది. ఇంకా దాటించని లేత కుందేళ్లు రెండున్నాయి. వాటిని ఒకే బోనులో ఉంచాం. వాటిలో ఒకటి మగదాని ముఖమే చూడకుండా గూడు కట్టింది! గేదె 21 రోజులకోసారి ఎదకొస్తుందని మాకు తెలుసు. కుందేలు లెక్క ఎవరూ చెప్పడం లేదు. టౌనులో మందుల షాపాయన హార్మోన్ ఇంజెక్షన్ వేస్తే అన్నీ ఒకేసారి ఎదకొస్తాయంటున్నాడు. వేయించమంటారా? పెట్టిన డబ్బు గుర్తొస్తే టెన్షన్‌గా ఉంది. (ఒక పాఠకురాలు)

సమాధానం: అమ్మా, ముందుగా ఇంజెక్షన్ సంగతి. ఇప్పుడు వేయించకండి. మీరు రాసినదాన్ని బట్టి గూడు కట్టిన ఆ మూడు కుందేళ్ల అండాశయాలు చక్కగా పనిచేస్తున్నాయి. పదిహేడో రోజున గూడు కట్టాయంటేనే అండాలు విడుదలయ్యాయని, ఆ తర్వాత జరగాల్సిన హార్మోన్ల పని కూడా జరిగిందని అర్థం. లోపం మే నెల ఎండలో ఉంది, మగదానిలో ఉంది, ఒకే బోనులో రెండింటిని ఉంచడంలో ఉంది. వీటిని ఏ ఇంజెక్షనూ సరిచేయదు. ఎందుకో వివరంగా చెబుతాను. ఇది ఒకసారి అర్థమైతే రేపటి నుంచి ఏ కుందేలును ఎప్పుడు దాటించాలో మీరే తేల్చుకోగలరు.

గేదె లెక్కను కుందేలుకు వేయడంతోనే చిక్కు మొదలవుతుంది. గేదెలో అండం దాని సమయానికి అది విడుదలవుతుంది. దున్న ఉన్నా లేకపోయినా, ఇంజెక్షన్ చేయించినా చేయించకపోయినా అది ఆగదు. అందుకే 21 రోజుల లెక్క కుదురుతుంది. కుందేలులో అలా కాదు. అండాలు పక్వానికి వచ్చి అండాశయంలోనే ఎదురుచూస్తాయి. మగది దాటితేనే విడుదలవుతాయి. పిల్లి, ఒంటె కూడా ఈ కోవలోవే. కాబట్టి కుందేలుకు ఇన్ని రోజులకోసారి అనే లెక్క లేదు. మీకు ఎవరూ చెప్పకపోవడానికి కారణం అదే.

అయితే ఏ రోజైనా ఒప్పుకుంటుందా అంటే, అదీ కాదు. అండాశయంలో అండాలు నీటి పొక్కుల్లాంటి సంచుల్లో పెరుగుతాయి. వాటిని ఫాలికల్స్ అంటారు. మెదడు అడుగున ఉండే పిట్యుటరీ గ్రంథి నుంచి వచ్చే ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ వాటిని పెంచుతుంది. అదే గ్రంథి నుంచి వచ్చే ఎల్‌హెచ్ అనే మరో హార్మోన్ కూడా కొంచెం కొంచెంగా తోడవుతుంది. పెరుగుతున్న ఫాలికల్స్ ఈస్ట్రోజన్‌ను తయారుచేస్తాయి. ఈ ఈస్ట్రోజన్ రక్తంలో తగినంత ఉన్నప్పుడే ఆడ కుందేలు మగదాన్ని ఒప్పుకుంటుంది. ఒక్కో అండాశయంలో ఐదు నుంచి పది దాకా ఫాలికల్స్ ఒకేసారి పక్వానికి వస్తాయి. ఓ వారం, పది రోజులు అలాగే నిలుస్తాయి. ఈలోగా మగది కలవకపోతే కుంచించుకుపోయి, వాటి చోట కొత్తవి ఎదుగుతాయి. పాతవి తగ్గి కొత్తవి ఇంకా ఎదగని రెండు నుంచి నాలుగు రోజులు ఈస్ట్రోజన్ పడిపోతుంది. ఆ రోజుల్లో కుందేలు మూలకు ఒదిగి కూర్చుంటుంది, గుర్రుమంటుంది, కరుస్తుంది కూడా. పాలివ్వని, ఆరోగ్యంగా ఉన్న కుందేలు ఎక్కువ రోజులు ఒప్పుకునే స్థితిలోనే ఉండి, మధ్యలో కొన్ని రోజులు మాత్రమే వద్దంటుంది. ఆ కొన్ని రోజులు ఎప్పుడొస్తాయో క్యాలెండర్ చూసి చెప్పలేం. ఒక అలలో పెరిగిన ఫాలికల్స్, తర్వాతి అలలోవి కలగలిసి కూడా ఉంటాయి.

దీన్ని కనుక్కోవడానికి మందు అక్కర్లేదు, కిట్టు అక్కర్లేదు. కుందేలును ఒడిలో మెల్లగా వెల్లకిలా పట్టుకుని తోక కింద మానం రంగు చూడండి. ఎర్రగానో ముదురు గులాబీ రంగులోనో ఉండి, కాస్త ఉబ్బి, తడిగా ఉంటే ఈస్ట్రోజన్ బాగా ఉన్నట్టు. ఆరోజే మగదాని దగ్గరికి తీసుకెళ్లండి. తెల్లగా పాలిపోయి, పొడిగా, ముడుచుకుని ఉంటే బలవంతం చేయకుండా రెండు మూడు రోజులాగి మళ్లీ చూడండి. తెల్లగా ఉన్న కుందేలు కూడా ఒక్కోసారి ఒప్పుకుంటుంది, చూడి కూడా కడుతుంది. కానీ ఎర్రగా ఉన్నప్పుడు దాటిస్తే ఫలితం ఎక్కువని చాలాచోట్ల గమనించారు. నన్నడిగితే కుందేళ్లు పెంచేవాళ్లకు చేతికి అలవాటు కావాల్సిన మొదటి పని ఈ పరీక్ష.

ఎప్పుడూ ఆడదాన్నే మగదాని బోనుకు తీసుకెళ్లాలి, మగదాన్ని ఆడదాని బోనులో వదలకూడదు. ఆడ కుందేలు తన చోటును కాపాడుకుంటుంది, మగదాని మీద పడి గాయం చేస్తుంది. మగది కూడా కొత్త చోటును వాసన చూసుకుంటూ అసలు పని మరచిపోతుంది. ఒప్పుకున్న ఆడది నడుము చాచి పిరుదులు పైకెత్తుతుంది. కలయిక క్షణాల్లో అయిపోతుంది. మగది చిన్న అరుపుతో పక్కకో వెనక్కో పడిపోతుంది. అది చూశారంటే పని అయినట్టే. రాత్రంతా రెండింటినీ కలిపి ఉంచే అలవాటు కొందరికి ఉంది. దానివల్ల లాభం లేదు, దెబ్బలు తగులుతాయి, దాటిన తేదీ కూడా తెలియదు.

ఆ క్షణాల తర్వాత కుందేలు ఒంట్లో జరిగేది నాకు ఇన్నేళ్లకీ అద్భుతంగానే ఉంటుంది. కలయిక తాకిడి నరాల ద్వారా మెదడుకు చేరుతుంది. మెదడులోని హైపోథాలమస్ జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను ఒక్కసారిగా వదులుతుంది. అది పక్కనే ఉన్న పిట్యుటరీకి చేరగానే, అప్పటిదాకా కొద్దికొద్దిగా వస్తున్న ఎల్‌హెచ్ వరదలా పొంగుతుంది. గంట, రెండు గంటల్లో అది గరిష్ఠానికి చేరుతుంది. దాటిన 10 నుంచి 12 గంటలకు పక్వమైన ఫాలికల్స్ పగిలి అండాలు బయటికి వస్తాయి. ఈలోగా మగదాని వీర్యకణాలు గర్భకోశం దాటి పైకి చేరి, ఫలదీకరణకు సిద్ధమై ఉంటాయి. ఉదయం ఆరింటికి దాటిస్తే సాయంత్రం నాలుగు, ఆరు గంటల మధ్య అండాలు విడుదలవుతాయన్నమాట. ఇంత కచ్చితంగా వేళ చెప్పగలిగే జంతువులు తక్కువ. అందుకే శాస్త్రవేత్తలు కుందేలు మీద ఎన్నో పరిశోధనలు చేశారు.

ఈ జ్ఞానం మనకు ఒక్కరోజులో రాలేదు. 1672లోనే హాలండ్ వైద్యుడు రెనియే ద గ్రాఫ్ కుందేళ్ల అండాశయాలను పరిశీలించి, కలయిక తర్వాత ఈ సంచుల్లో మార్పు వస్తుందని రాశాడు. కలయిక లేకుండా కుందేలులో అండం విడుదల కాదని ఇంగ్లండ్‌లో వాల్టర్ హీప్ 1905లో స్పష్టంగా చూపించాడు. 1929లో ఫీ, పార్క్స్ అనే ఇద్దరు కుందేలు దాటిన గంటలోపే పిట్యుటరీ గ్రంథిని తీసేసి చూశారు, అండాలు విడుదల కాలేదు. గంట దాటాక తీసేస్తే మాత్రం మామూలుగానే విడుదలయ్యాయి. అంటే కావలసినంత హార్మోన్ ఆ మొదటి గంటలోనే రక్తంలోకి వెళ్లిపోతోంది. దాటిన కుందేలును బెదిరించినా, నీళ్లు చల్లినా అండం ఆగిపోతుందని కొందరంటారు. అలా ఏమీ జరగదు. ఒకసారి ఎల్‌హెచ్ పొంగాక వెనక్కి పోదు.

ఇక మీ పదిహేడో రోజు సంగతి. దీన్ని తప్పుడు చూడి అంటాం, డాక్టర్లు సూడో ప్రెగ్నెన్సీ అంటారు. అండాలు బయటికి వచ్చాక, పగిలిన ఒక్కో ఫాలికల్ చోట కార్పస్ లూటియం అనే ముద్ద తయారవుతుంది. అది ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్‌ను వదులుతుంది. ప్రొజెస్టెరాన్ గర్భకోశాన్ని పిల్లల కోసం సిద్ధం చేస్తుంది, చన్నులను పెంచుతుంది, మగదాన్ని చాలావరకు దగ్గరికి రానివ్వకుండా చేస్తుంది. లోపల పిండాలు ఉన్నాయా లేవా అనేది కార్పస్ లూటియానికి మొదట తెలియదు. అండాలు విడుదలయ్యాయి కాబట్టి అది తన పని మొదలుపెడుతుంది, అంతే.

పిండాలు ఉంటే సుమారు ఏడో రోజుకు అవి గర్భకోశం గోడకు అతుక్కుంటాయి. తర్వాత మావి నుంచి వచ్చే సంకేతాల వల్ల కార్పస్ లూటియం నెల పొడవునా నిలుస్తుంది. పిండాలు లేకపోతే రెండు వారాలు దాటాక గర్భకోశం ప్రోస్టాగ్లాండిన్ అనే పదార్థాన్ని వదులుతుంది. అది కార్పస్ లూటియాన్ని కరిగించేస్తుంది. ప్రొజెస్టెరాన్ దిగిపోతుంది, పాలు పుట్టించే ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరుగుతుంది. మామూలుగా ఈనడానికి ముందు జరిగే మార్పు కూడా ఇదే. అందుకే కుందేలు బొచ్చు పీక్కుంటుంది, గడ్డి పోగుచేస్తుంది, చన్నుల్లో పాలు కూడా వస్తాయి. ఇదంతా 16 నుంచి 18 రోజుల మధ్య కనిపిస్తుంది. నిజమైన చూడి అయితే గూడు కట్టేది 30వ రోజు చుట్టుపక్కల, ఈనేది 30 నుంచి 32 రోజుల్లో. మీరు తేదీ రాసి పెట్టుకోవడం చాలా మంచి పని. లేకపోతే ఈ రెండింటికీ తేడా తెలిసేది కాదు.

చూడి నిలవడానికి అండాశయమే ఆధారమని కనిపెట్టింది కూడా కుందేళ్లలోనే. జర్మనీలో లుడ్విగ్ ఫ్రెంకెల్ చూడి కుందేళ్ల కార్పస్ లూటియాలను కాల్చేసి, వాటితోపాటే చూడి కూడా పోతుందని చూపించాడు. ఆయన 1903లో ఆ ఫలితాలను వివరంగా ప్రచురించాడు. 1929లో అమెరికాలో కార్నర్, అలెన్ దీన్ని తిరగేసి నిరూపించారు. అండాశయాలు తీసేసిన కుందేళ్లకు కార్పస్ లూటియం రసం ఎక్కించి చూడి నిలబెట్టారు. ఆ రసంలోని హార్మోనే ప్రొజెస్టెరాన్. ఆవు, గొర్రె లాంటి వాటిలో చూడి ముదిరాక మావి కూడా కొంత ప్రొజెస్టెరాన్ అందిస్తుంది. కుందేలులో చివరి దాకా అండాశయమే అందించాలి. ఇక్కడ ఇంకో ముడి కూడా ఉంది. కుందేలు కార్పస్ లూటియం బతకడానికి పక్కనున్న ఫాలికల్స్ నుంచి వచ్చే ఈస్ట్రోజన్ కావాలి. అందుకే చూడి కుందేలు అండాశయంలో కూడా ఫాలికల్స్ పెరుగుతూనే ఉంటాయి, చూడి కుందేలు కూడా అప్పుడప్పుడూ మగదాన్ని ఒప్పుకుంటుంది. ఒప్పుకుంది కాబట్టి చూడి లేదని తేల్చేయకండి. చూడి పరీక్షకు మగదాన్ని వాడే పద్ధతి మానేయండి.

దానికి బదులు, దాటిన 12వ రోజు నుంచి 14వ రోజు మధ్య పొట్ట తడిమి చూడండి. కుందేలును చదునైన చోట నిలబెట్టి, ఒక చేత్తో భుజాల దగ్గర పట్టుకుని, రెండో చేతి వేళ్లతో పొత్తికడుపును మెత్తగా తడమాలి. ద్రాక్షపండంత గుండ్రటి, మెత్తటి ఉండలు వరసగా జారుతూ తగిలితే అవి పిండాలు. పెంటికలు చిన్నగా, గట్టిగా, పైభాగాన వెన్ను వైపు తగులుతాయి. మొదటిసారి మీ దగ్గరి పశువైద్యుల చేత చేయించుకుని, పక్కన నిలబడి నేర్చుకోండి. గట్టిగా నొక్కితే పిండాలకే ప్రమాదం.

మరి మీ రెండు కుందేళ్లకు పిండాలు ఎందుకు రాలేదు? నా అనుమానం మగదాని మీదే. కుందేలు ఒంటికి చెమట పట్టదు, వేడిని ఎక్కువగా చెవుల ద్వారానే వదులుకోవాలి. షెడ్డులో వేడి 30 డిగ్రీలు దాటితే దానికి కష్టం మొదలవుతుంది. మే నెలలో మీ జిల్లాలో 40 దాటడం మామూలే. అలాంటి ఎండలో మగ కుందేలు దాటుతుంది, చూడ్డానికి అంతా సవ్యంగానే ఉంటుంది, వీర్యంలో మాత్రం చలనమున్న కణాలు తగ్గిపోతాయి. ఆడదాని మెదడుకు కలయిక సంకేతం అందింది, అండాలు విడుదలయ్యాయి, వాటిని ఫలదీకరించే కణాలు లేవు. రెండు కుందేళ్లూ ఒకే రోజు లెక్కన గూడు కట్టాయంటే దీనికే ఎక్కువ అవకాశం. ఎండకు ఆడదానిలో తొలిరోజుల పిండాలు చనిపోవడం కూడా జరుగుతుంది. కారణం ఏదైనా మందు ఒకటే, చల్లదనం.

ఎండ తగ్గగానే వీర్యం మర్నాడే బాగుపడదు. కొత్త వీర్యకణాలు తయారై బయటికి రావడానికి సుమారు రెండు నెలలు పడుతుంది. కాబట్టి వానలు పడి చల్లబడ్డాక కూడా మొదటి నెలన్నర, రెండు నెలలు ఫలితం తక్కువగా ఉంటే కంగారు పడకండి. ఆగస్టు నుంచి మెరుగుపడాలి. వచ్చే ఏడాది మార్చి నాటికే షెడ్డు కప్పు మీద కొబ్బరి మట్టలో బోద గడ్డో పరచండి, పక్కల తడి గోనెపట్టాలు కట్టండి, తాగే నీళ్లు కుండలో చల్లగా ఉంచండి. మగదాని బోను అన్నిటికంటే చల్లటి మూల పెట్టండి. తప్పనిసరై ఎండాకాలం దాటిస్తే తెల్లవారుజామున దాటించండి. మే నెలలో దాటించడం పూర్తిగా ఆపేయడమే మేలని నా సలహా. ఆ నెలలో పుట్టిన పిల్లలు బతికినా తల్లి నీరసపడిపోతుంది.

మగదాని ముఖం చూడని లేత కుందేలు గూడు కట్టడం మీకు వింతగా ఉంది కదా. దానికీ కారణం ఉంది. ఒకే బోనులో ఉన్న ఆడ కుందేళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. ఆ తాకిడి చాలు, మెదడు కలయిక జరిగిందనే అనుకుంటుంది. ఎల్‌హెచ్ పొంగుతుంది, అండాలు విడుదలవుతాయి, తప్పుడు చూడి మొదలవుతుంది. ఇది మన తాతల కాలంలో పెద్ద ఆసుపత్రుల వాళ్లకూ తెలిసిన విషయమే. 1931లో అమెరికాలో ఫ్రీడ్‌మన్, లాఫమ్ అనే ఇద్దరు స్త్రీల గర్భ నిర్ధారణకు కుందేలు పరీక్ష తెచ్చారు. స్త్రీ మూత్రాన్ని కుందేలు చెవి నరంలోకి ఎక్కించి, రెండు రోజుల తర్వాత దాని అండాశయాలను చూసేవారు. ఆ స్త్రీ గర్భవతి అయితే మూత్రంలోని హెచ్‌సీజీ హార్మోన్ ఎల్‌హెచ్ లాగే పనిచేసి కుందేలు ఫాలికల్స్‌ను పగలగొట్టేది. అండాశయం చూడాలంటే పొట్ట కోయాలి, అందుకని ఫలితం ఏదైనా చాలా కుందేళ్లు ప్రాణం పోగొట్టుకునేవి. ఈ పరీక్షకు వాడే ఆడ కుందేళ్లను ముందునుంచీ విడివిడి బోనుల్లో ఉంచాల్సి వచ్చేది. కలిపి ఉంచితే ఒకదాని మీద ఒకటి ఎక్కి అండాలు విడుదలై ఫలితమే తప్పయ్యేది.

మీరూ అదే చేయండి. నాలుగో నెల దాటిన ఆడ కుందేళ్లను వేరువేరు బోనుల్లో ఉంచండి. బోనుకు ఖర్చవుతుందని తెలుసు. కానీ తప్పుడు చూడి వచ్చిన ప్రతిసారీ పదిహేను, పద్దెనిమిది రోజులు ఊరికే పోతాయి. తప్పుడు చూడికి మందేమీ అక్కర్లేదు. పాలు పిండకండి, పిండితే ఇంకా వస్తాయి. గూడు కట్టి, ఆ హడావుడి తగ్గగానే కుందేలు మళ్లీ మగదాన్ని ఒప్పుకుంటుంది, చూడి కూడా బాగా కడుతుంది. మీ కుందేళ్లను ఇప్పుడే చూడండి, రంగు బాగుంటే వృథా చేయకండి. ఈసారి వీలైతే తెలిసినవాళ్ల దగ్గరి నుంచి చల్లటి చోట పెరిగిన మరో మగ కుందేలును తెచ్చి దాటించండి. దానితో చూడి కడితే అనుమానం తీరిపోతుంది. కొత్తదాన్ని కొన్నాళ్లు వేరుగా ఉంచి, చెవుల్లో గజ్జి, ముక్కు కారడం లేవని చూసుకున్నాకే వాడండి.

ఈని వారమైన కుందేలు రానివ్వలేదన్నారు. అది సహజం. ఈనిన ఒకటి రెండు రోజుల్లో కుందేలు మగదాన్ని బాగా ఒప్పుకుంటుంది. అడవిలో దానికి అదే పద్ధతి. ఆ తర్వాత పాలు జోరందుకున్న కొద్దీ ప్రొలాక్టిన్ పెరిగి, మెదడు నుంచి వచ్చే జీఎన్‌ఆర్‌హెచ్‌ను, ఎల్‌హెచ్‌ను అణచివేస్తుంది. ఫాలికల్స్ సరిగా ఎదగవు, ఈస్ట్రోజన్ చాలదు. తినేది పాలకే సరిపోతుంది, ఒంట్లో కొవ్వు కరిగిపోతుంది, ఆ లోటు కూడా అండాశయం మీద పడుతుంది. యూరప్‌లోని పెద్ద ఫారాల్లో ఈనిన 11వ రోజున కృత్రిమ గర్భధారణ చేస్తారు. అక్కడ దాణా, చల్లదనం, వెలుతురు అన్నీ కొలిచి ఇస్తారు. పచ్చగడ్డి, కొంచెం దాణాతో పెంచుకునే మీలాంటివాళ్లకు అంత తొందర వద్దు. పిల్లలను నాలుగైదు వారాలకు విడదీసి, తల్లి కాస్త కోలుకున్నాక దాటించండి. ఏడాదికి ఒక ఈత తగ్గినా తల్లి నాలుగు కాలాలు ఉంటుంది.

ఇందులోనే మందు లేని చిట్కా ఒకటుంది. కుందేలు పిల్లలకు రోజుకు ఒక్కసారే, అదీ మూడు నుంచి ఐదు నిమిషాలే పాలిస్తుంది. రెండు వారాలు దాటిన పిల్లల గూటిని ఒక రోజు పాటు మూసి తల్లిని దూరంగా ఉంచితే ప్రొలాక్టిన్ తగ్గి, ఫాలికల్స్ పుంజుకుని, ఈస్ట్రోజన్ పెరుగుతుంది. మర్నాడు పిల్లలకు పాలిచ్చాక దాటిస్తే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. తల్లికి ఎప్పటిలా దాణా, నీళ్లు పెట్టాలి. పిల్లలు బక్కగా ఉంటే ఈ పని చేయవద్దు.

ఒక్కసారీ ఈనని బలిసిన కుందేలుకు ముందు దాణా తగ్గించండి, ఎండు గడ్డి పెంచండి. అండాశయం చుట్టూ కొవ్వు పట్టిన కుందేలు ఒప్పుకోదు, ఒప్పుకున్నా పిల్లలు తక్కువ. లేత కుందేళ్లను పెద్ద బరువులో 75 నుంచి 80 శాతానికి రాగానే, అంటే మీ జాతికి సుమారు ఐదో నెలకు, మూడు కిలోల పైన ఉండగా దాటించడం మొదలుపెట్టాలి. ఏడాది దాటేదాకా ఆపితే ఇలాగే కొవ్వు పడుతుంది.

వెలుతురు సంగతి చాలామంది పట్టించుకోరు. రోజుకు 14 నుంచి 16 గంటల వెలుతురు ఉంటే కుందేలు అండాశయం చురుగ్గా ఉంటుంది. పగలు తగ్గేకొద్దీ ఒప్పుకోవడం తగ్గుతుంది. డిసెంబరులో మీ దగ్గర పగలు పదకొండు గంటల పైచిలుకే. సాయంత్రం నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా షెడ్డులో ఒక ఎల్ఈడీ బల్బు వెలిగించండి. రోజూ ఒకే వేళకు వేసి ఒకే వేళకు ఆర్పాలి. నెలకు అయ్యే కరెంటు ఖర్చు ఒక ఇంజెక్షన్ ధర కూడా ఉండదు.

మళ్లీ షాపాయన చెప్పిన ఇంజెక్షన్ల దగ్గరికి వద్దాం. అవి ఏమిటో తెలిస్తే మీకే అర్థమవుతుంది. ఒక రకం పీఎమ్ఎస్‌జీ, గుర్రం నుంచి తీసే హార్మోన్. ఫాలికల్స్‌ను పెంచుతుంది. అన్నీ ఒకేసారి ఎదకొస్తాయని ఆయన అన్నది దీని గురించే అయి ఉండాలి. దాటించడానికి రెండు మూడు రోజుల ముందు ఇస్తారు. మోతాదు ఎక్కువైతే మరీ ఎక్కువ అండాలు విడుదలై పిండాలు నిలవవు. మాటిమాటికీ ఇస్తే ఒంట్లో దానికి విరుగుడు పదార్థాలు తయారై పనిచేయడం మానేస్తుంది. రెండో రకం జీఎన్‌ఆర్‌హెచ్. ఇది ఎదకు తేదు. మగది దాటినప్పుడు మెదడు చేసే పనినే ఇది చేస్తుంది. కృత్రిమ గర్భధారణలో మగది ఉండదు కాబట్టి ఆ వేళకు దీన్ని ఇస్తారు. మీ మగది దాటుతూనే ఉంది, ఆ పని ఉచితంగానే జరుగుతోంది. పక్వమైన ఫాలికల్స్ లేని కుందేలుకు ఇస్తే డబ్బు దండగ. పైగా మీకున్నది ఒక్క మగ కుందేలు. అన్నీ ఒకేరోజు ఎదకొస్తే అది ఎన్నింటిని దాటగలదు? రోజుకు ఒకటి రెండు సార్లు, వారానికి మూడు నాలుగు రోజులకు మించి దాన్ని వాడకూడదు.

మూడో రకం ప్రోస్టాగ్లాండిన్. తప్పుడు చూడిని త్వరగా ముగించడానికి కొందరు వాడతారు. నిజంగా చూడి ఉన్న కుందేలుకు పొరపాటున పడితే పిల్లలు పోతాయి. అంతకంటే ముఖ్యమైన మాట, ఈ మందు చర్మం గుండా మనిషి ఒంట్లోకి ఇంకుతుంది. గర్భంతో ఉన్న ఆడవాళ్లకు గర్భస్రావం కావచ్చు, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఊపిరి ఆడకపోవచ్చు. మీ ఇంట్లో కోడలో కూతురో గర్భంతో ఉంటే ఆ సీసాను షెడ్డు దగ్గరికి కూడా రానివ్వకండి. ఇలాంటి మందును షాపులో కొనుక్కొచ్చి సొంతంగా వేసుకోవడం ఎప్పటికీ వద్దు.

ఆ బలిసిన కుందేలు ఒక్కదాని మీద మాత్రం నాకు కొంచెం అనుమానముంది. తిండి సరిచేసి, వెలుతురు పెంచి, రెండు నెలలు చూశాక కూడా మానం తెల్లగానే ఉంటే పశువైద్యులకు చూపించండి. మూత్రంలోనో మానం దగ్గరో రక్తం కనిపిస్తే రెండు నెలలు కూడా ఆగవద్దు, వెంటనే తీసుకెళ్లండి. వయసు పైబడిన ఆడ కుందేళ్లకు గర్భకోశంలో గడ్డలు రావడం ఎక్కువ. కొన్నప్పుడు దాని వయసు ఎంత చెప్పారో కనుక్కుని ఈసారి ఉత్తరంలో రాయండి. దాటించిన తేదీలు, రంగు ఎలా ఉందో, పొట్ట తడిమితే ఏం తగిలిందో కూడా పుస్తకంలో రాస్తూ ఉండండి.